నేను కాచిన రై బీరు

"ఆడవాళ్ళకి చేదు పడదులెండి" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సిడ్నీలో ఫుడ్ సైన్స్ చదివే రోజుల్లో క్వేకర్స్ హిల్‌లో మా పెద్దమ్మ కొడుకింట్లో ఉండేదాన్ని. అన్నయ్య బీరు కాచే సామాను కొని, ఒక్కసారి వాడి, ఆ తర్వాత గరాజ్‌లో పడేశాడు. దాన్ని తోమి బయటికి తీసింది నేను. గోధుమకి చుట్టంలాంటి రై ధాన్యంతో, చేదుకీ వాసనకీ హాప్స్ పూలు బాగా దట్టించి కాచాను. రై జావ జిగురుకట్టి జల్లెడలోంచి దిగనే దిగదు, చేతులు పడిపోయాయి. ఆ ఎండల్లో బీరు పులిసే డ్రమ్ము వేడెక్కకుండా రెండు వారాలు తడి తువ్వాళ్ళు మార్చాను. అన్నయ్య అటు తొంగి కూడా చూడలేదు.

సీసాలు సిద్ధమయ్యాక ఓ ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య స్నేహితులు పెరట్లో బార్బెక్యూకి వచ్చారు. వాళ్ళలో ఒక అంకుల్ ఇంట్లో బీరు కాయడంలో ఆరితేరినవాడు. ఆయన నా బీరు రుచి చూసి ఏమంటాడో వినాలని వారం నుంచీ నాకు ఒకటే ఆత్రం. గ్లాసులు నేనే కడిగి పెట్టాను. నా చేతికి మాత్రం మ్యాంగో జ్యూస్ వచ్చింది. పైన రాసిన మాట అన్నది అప్పుడే, ఆ అంకులే.

మగవాళ్ళు పెరట్లో, మేము వంటింట్లో. కిటికీ తెరిచే ఉంది. అంకుల్ గ్లాసు వెలుగుకి పట్టి చూశాడు, వాసన పీల్చాడు, ఓ గుక్క నోట్లో తిప్పాడు.

"నురగ బాగా నిలిచిందయ్యా. రై ఘాటు కూడా తెలుస్తోంది. రెసిపీ ఎవరిది?"

"నాదే అంకుల్," అన్నాడు అన్నయ్య, చికెన్ తిప్పుతూ.

"కానీ చివర్లో చేదు గొంతు పట్టుకుంటోంది. హాప్స్ వాసనేమో లేదు. ఎందుకలా?"

అన్నయ్య ఇంకో చికెన్ ముక్క తిప్పాడు. "రై ఎక్కువైందేమో అంకుల్."

పొగడ్త కొట్టేసినా ఊరుకునేదాన్నేమో. నా తప్పుకి కూడా అబద్ధపు కారణం చెబుతుంటే తట్టుకోలేకపోయాను. ఉల్లిపాయలు కోస్తున్న కత్తి పడేసి బయటికి వెళ్ళాను.

"రై కాదంకుల్. చివరి హాప్స్ స్టవ్ ఆపే ముందు వెయ్యాలి. యూనివర్సిటీకి ట్రైన్ మిస్సవుతుందని, తయారయ్యే తొందరలో ఇరవై నిమిషాలు ముందే వేసేశాను. వాసనంతా ఆవిరైపోయి చేదు దిగింది. తప్పు నాది. బీరూ నాదే."

అంకుల్ గ్లాసు కింద పెట్టాడు. నన్ను కాదు, అన్నయ్యని అడిగాడు. "అమ్మాయి తాగుతుందా?"

హాప్స్ గురించి ఒక్క మాట లేదు. అన్నయ్య "లోపలికెళ్ళు" అన్నాడు. వదిన నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. మిగిలిన సీసాలన్నీ వాళ్ళు శుభ్రంగా తాగేశారు.

నేను అంట్లు తోమడం అవ్వకముందే అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, చదువుకోమని పంపిస్తే బీరు తాగుతున్నావంట?"

అన్ని సీసాల్లో నా నోట్లోకి వెళ్ళింది రెండు చెంచాలు, అదీ ఎలా ఉందో చూడ్డానికి. కాచినవాడు అన్నయ్య అయ్యాడు. తాగింది మాత్రం నేను.