లేడీస్ కౌంటర్ కిటికీ

దెయ్యాలను నేను నమ్మను. అందులో ధైర్యమేమీ లేదు, వృత్తి అలాంటిది. సివిల్ ఇంజినీరుగా పాత కట్టడాల్లో చాలా తిరిగాను. వాటిలో వినిపించే వింత చప్పుళ్లకు సగం కారణం ఎలుకలు, మిగతా సగం కాంట్రాక్టరు మిగుల్చుకున్న సిమెంటు.

ఇది మా ఆర్మూర్‌లోనే జరిగింది. మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఒక పాత టాకీసు ఉంది. సినిమాలు ఆగిపోయాక కొన్నేళ్లు పసుపు బస్తాల గోదాముగా బతికింది. దాని యజమాని సేటు మళ్లీ తెరుద్దామనుకుని, ముందు భాగాన్ని పాత రూపానికి తెచ్చే పని నాకిచ్చాడు. సిమెంటు అక్షరాల్లో టాకీసు పేరు, ముందుకు వచ్చిన సజ్జా, దాని అంచున బల్బుల వరస, ఆడే సినిమా పేరు పెట్టే పొడవాటి బోర్డు. గోడకు ఏ రంగు వేయాలని చర్చ నడిచింది కానీ, ఎన్నిసార్లు కడిగినా పసుపే దిగడంతో ఆ విషయం ఊరే తేల్చేసింది.

గేటుకు ఎడమవైపు లేడీస్ కౌంటర్ ఉండేది. ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. బయట మాత్రం నాపరాయి, అందులో చేయి పట్టేంత కంత మిగిలాయి. చేయి పెడితే మణికట్టు దాకా పోతుంది, ఆ తర్వాత ఇటుక. నా డ్రాయింగు ప్రకారం ఆ రాయి తీసేసి, అక్కడ ఏటీఎం గది కట్టాలి.

ఈ సంగతి తెలిసి అమ్మ అన్నం ముందు కూర్చుని తినలేదు. ఆ కౌంటర్లో టికెట్లిచ్చింది అమ్మ వాళ్లక్క గంగమణి. చిన్న వయసులోనే భర్త పోయాక ఆమెకు దొరికిన పని అది. నేను పుట్టకముందే ఆమె కూడా పోయింది. పిల్లల్లేరు. ఒక్క ఫోటో కూడా లేదు.

"మా అక్కది గా కిటికొక్కటే మిగిలింది," అంది అమ్మ. "దాన్ని గూడ తీసేస్తరా?"

"డ్రాయింగు పాసైందమ్మా."

"గీసింది నువ్వే గదరా."

నేను చేయి కడుక్కుని లేచాను.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ యాదగిరి, మిగతావాళ్లు అన్నానికి పోయారు. ఎండ నిలువునా ఉంది, రోడ్డు మీద పసుపు ట్రాక్టర్లు పోతున్నాయి. రాయి తీసే ముందు లోపల చెమ్మ ఉందేమో చూద్దామని కంతలో చేయి పెట్టాను.

ఎవరో నా వేళ్లు మూశారు.

ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. మొదట చిటికెన వేలు, తర్వాత ఒక్కొక్కటీ మడిచి, చివర బొటనవేలు పైన పెట్టి నొక్కారు. ఆ పైన పిడికిలిని మెల్లగా బయటికి తోశారు. కథల్లో ఇలాంటి చేతులు చల్లగా ఉంటాయి. ఇది వెచ్చగా, కొంచెం గరుకుగా, బాగా పనిలో ఉన్న మనిషి చేయిలా ఉంది.

పిడికిలి విప్పి చూశాను, ఏమీ లేదు. ఫోన్ లైటు వేసి కంతలోకి చూశాను. ఇటుక, సున్నం, ఒక సాలీడు. యాదగిరి రాగానే చెప్పాను.

"సారు, బువ్వ తిన్నరా?" అన్నాడు.

"లేదు."

"గదే మరి."

నాకూ అది సబబుగానే అనిపించింది. సాయంత్రం అమ్మతో, చేతి నరాలు పట్టేస్తున్నాయి, నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించుకోవాలి అన్నాను. ఎలా పట్టేసిందో చెప్పాను. ఎక్కడన్నది చెప్పలేదు. అమ్మ తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టింది. నా చేయి తీసుకుని, చిటికెన వేలి నుంచి ఒక్కొక్కటే మడిచి, బొటనవేలు పైన పెట్టి, పిడికిలిని నా వైపు తోసింది.

"గిట్లనా?"

తలూపాను.

"లేడీస్ లైన్ల మస్తు గుంజులాట ఉంటుండె. ఉన్న టికెట్ చేతులకెల్లే గుంజుకపోతుండిరి. అందుకే అక్క టికెట్ పెట్టి, పిడికిలి తనే మూసి బయటికి నూకుతుండె."

"ఇది నాకు చిన్నప్పుడెప్పుడైనా చెప్పావా?"

"నువ్వు అడిగినవా ఎన్నడన్న?"

చెప్పి ఉండవచ్చు, నేను మరిచిపోయి ఉండవచ్చు. ఆ అవకాశాన్ని నేను కొట్టిపారేయడం లేదు. కానీ ఆ రాత్రే డ్రాయింగు మార్చాను. ఆ రాయి తీస్తే సజ్జాకు ప్రమాదమని సేటుతో చెప్పాను.

"మరి ముందుగాల ఎందుకు జెప్పలే?"

"నిన్ననే తెలిసింది సేటూ," అన్నాను. అందులో అబద్ధం లేదు.

కౌంటర్ గది లోపలి నుంచి ఇటుకలు తీయించాను. నేనే దగ్గరుండి చూశాను. అడుగు మందం గోడ, ఎక్కడా సందు లేదు. కంతకు అవతల బల్లి పట్టే చోటు కూడా లేదు.

బల్బులు వెలిగిన రోజు అమ్మ మంచి చీర కట్టుకుని వచ్చింది. సజ్జా కింద అందరూ ఫోన్లలో టికెట్లు చూపించి లోపలికి పోతున్నారు. కిటికీ దగ్గర ఎవరూ లేరు. లోపలి గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. అమ్మ కంతలో చేయి పెట్టి చాలాసేపు నిలబడింది. తీసినప్పుడు చేయి తెరిచే ఉంది.

నాకే ప్రాణం ఉసూరుమంది. అమ్మ మాత్రం కొంగుతో చేయి తుడుచుకుంది.

"నన్నెన్నడు లైన్ల నిలవడనియ్యలేరా అక్క," అంది. "చెల్లెనని టికెట్ లేకుంటనే లోపటికి తోలుతుండె. నువ్వెవరో ఆమెకెరుక లేదు గద, అందుకే నీకిచ్చింది."

అమ్మకు ఆ జవాబు సరిపోయింది. గేటు దగ్గర టికెట్ అడిగిన అబ్బాయిని పక్కకు జరిపి నేరుగా లోపలికి పోయింది. నాకు ఇప్పటికీ సరిపోలేదు. ఆ చేయి ఎవరిదో, అడుగు మందం ఇటుకల్లో దానికి చోటెలా దొరికిందో నేను చెప్పలేను. వెచ్చగా ఉందని మాత్రం చెప్పగలను.