మూడో బోను ఎలుకలు

ఆ మందుల పరిశోధనశాలలో ఎలుకల గదికి పాతికేళ్ళుగా ఆయనే పెద్దదిక్కు. అందరూ ఎలుకల బాబాయ్ అనేవారు. బోనులు కడగడం, మేత వేయడం, వేడి పలక మీద ఎలుకను ఉంచి, అది పాదం ఎత్తగానే స్టాప్‌వాచీ నొక్కడం ఆయన పని. షుగరు ముదిరిన ఎలుకలకు పాదాల్లో నరాలు మొద్దుబారి, కింద కాలుతున్నా పన్నెండు సెకన్లదాకా చలనం ఉండేది కాదు.

బాబాయికీ పదేళ్ళుగా షుగరే. ఓసారి చెప్పు జారిపోయిన సంగతి తెలియక ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. భార్య ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది.

అందుకే అక్కడ పరిశోధన చేసే మేడమ్ ఏదో ఆకు నుంచి తీసిన మందును మూడో బోను ఎలుకలకు పట్టిస్తుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. రెండు నెలలకు అవి ఏడు సెకన్లకే పాదం ఎత్తాయి. మేడమ్ మురిసిపోయింది. మిగిలిన మందును బాబాయి సీసాలో పోసుకెళ్ళి పరగడుపునే తాగడం మొదలుపెట్టాడు. ఆస్పత్రి మాత్రలు అటకెక్కాయి.

"ఏవండీ, కాలి వేలు నల్లబడుతోంది. ఒక్కసారి చూపించుకోండి."

"మూడో బోను వాటికి తగ్గడం కళ్ళారా చూశానే. నేను ఎలుక కన్నా తీసిపోయానా?"

పరీక్ష మళ్ళీ చేయాలన్నారు పైవాళ్ళు. ఈసారి ఏ బోనుకు మందు పట్టారో బాబాయికి చెప్పలేదు. మరో రెండు నెలలయ్యాక లెక్క విప్పితే, తాగినవాటికీ పన్నెండే, తాగనివాటికీ పన్నెండే.

"మరి మొదటిసారి ఏడెలా వచ్చింది బాబాయ్?" అంది మేడమ్.

ఆయనకు గుర్తొచ్చింది. మూడో బోనుది మీసం కదిపినా, తోక సర్దుకున్నా వాచీ నొక్కేసేవాడు. మోసం చేయాలని కాదు, పాపం. ఎత్తు తల్లీ, ఎత్తు అని లోలోపల బతిమాలుకుంటూ నొక్కేవాడు. మిగతా బోనుల దగ్గర నిమ్మళంగా ఆగేవాడు.

"నేనే ఎత్తించానమ్మా," అన్నాడు.

మేడమే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అప్పటికి పాదం సగం నల్లబడింది. డాక్టరు మంచం పక్కన కూర్చున్నాడు.

"కళ్ళు మూసుకోండి. సూది తగలగానే చెప్పండి. స్పర్శ ఎక్కడిదాకా ఉందో చూద్దాం."

బాబాయి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భార్య ఊపిరి బిగబట్టింది.

"ఆఁ, తగిలింది! తెలుస్తోంది డాక్టరుగారూ!"

డాక్టరు తలెత్తి ఆయన్ని చూశాడు.

"నేనింకా సూది పెట్టెలోంచి తీయనేలేదండీ," అన్నాడు.