పెనం దూరం

ఊరు మొత్తానికి కళ్లజోడు పెట్టుకున్న ఆడమనిషి నా చిన్నప్పుడు ఒక్కతే ఉండేది. ఆవిడ మా నాయనమ్మ. మాది మాకవరపాలెం అవతల చెరుకు పండించే పల్లె. నాయనమ్మ నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్న మగవాళ్లు "గాజుకళ్ల మామ్మ వత్తంది" అని నవ్వుకునేవారు. ఆవిడ ఆగి, జోడు సర్దుకుని, ఒక్కొక్కరి మొహం పరీక్షగా చూసి, "ఇప్పుడు బాగా కనపడతన్నారు, గెడ్డాలు గీసుకోండి" అనేసి వెళ్లిపోయేది. ఆ నవ్వులు ఆవిడకు తగల్లేదని నేను చాలాకాలం అనుకున్నాను. తగిలాయి. అయినా జోడు తియ్యలేదు, అంతే.

మా తాతయ్య తరవాత బెల్లం పెనం దగ్గర పాకం చూసే పని నాయనమ్మ చేతికి వచ్చింది. ఆ పని ఆడవాళ్లు చేయడం మా వైపు లేదు. తాతయ్య జబ్బు పడిన ఏడాది వేరే మనిషి దొరక్క ఆవిడ తెడ్డు పట్టుకుంది, తరవాత ఎవరు అడిగినా ఇవ్వలేదు. గానుగ ఆడిన రసాన్ని వెడల్పాటి ఇనప పెనంలో పోసి, కింద గుంటలో ఎండిన చెరుకు పిప్పితో మంట వేసి, గంటల తరబడి మరిగిస్తారు. మంట వెయ్యడానికీ, పైన తేలే మడ్డి తియ్యడానికీ ఎవరైనా సరిపోతారు. చివరి కొద్ది నిమిషాలే అసలు పని. పెద్దపెద్ద బుడగలు తగ్గి, సన్నగా ఒత్తుగా లేస్తాయి. రంగు మారుతుంది. ఆ అదను చూసి పెనం దించమని చెప్పాలి. ముందే దించితే బెల్లం గడ్డకట్టదు, ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. మా నాయనమ్మ దించమన్న పెనం చెడిపోవడం నేనెరగను. ఆ ఏడాది దాకా.

అప్పుడు నాకు పదేళ్లు. నాయనమ్మకు చూపు తగ్గుతూ వచ్చింది. ముందుగా సూదిలో దారం ఎక్కించడం నా పనైంది. తరవాత బియ్యంలో రాళ్లు ఏరడం. గేదెలు తోలుకొచ్చే మనిషి గుమ్మం దాకా వస్తేగాని ఎవరో పోల్చుకోలేకపోయేది. మా పెదనాన్న ఆవిడను నర్సీపట్నం తీసుకెళ్లి కళ్ల డాక్టరుగారికి చూపించాడు. కొన్నాళ్లకు జోడు వచ్చింది. ఒక్కో అద్దంలో కింది భాగాన అర్ధచంద్రాకారంగా ఇంకో ముక్క అతికినట్టుండేది. పై భాగంలోంచి దూరం చూడాలి, కింది ముక్కలోంచి దగ్గర చూడాలి. వయసు మళ్లితే కంటి లోపలి కటకం బిరుసెక్కుతుందని, చిన్నప్పటిలా దూరానికీ దగ్గరకీ తనంతట తాను సర్దుకోలేదని ఎన్నో ఏళ్ల తరవాత నాకొక డాక్టరమ్మ చెప్పింది. మా నాయనమ్మకు ఆ సంగతులేవీ ఎవరూ చెప్పలేదు. జోడు చేతికిచ్చి పెట్టుకోమన్నారు.

పెట్టుకుంది. రెండో రోజే మంట గుంటలోకి దిగే మెట్ల మీద జారి పడింది. కింద చూడబోతే కళ్లు కింది ముక్కలోకి పోయాయి, మెట్టు ఉన్నచోట లేనట్టు, లేనిచోట ఉన్నట్టు కనపడింది. మోకాలు చెక్కుకుపోయింది. దానికెవరూ ఏమీ అనలేదు. వారం తిరక్కుండా ఒక పెనం మాడిపోయింది. పరాయి వాళ్లది కాదు, మా చెరుకే. నల్లగా, జిగటగా, చేదు వాసనతో మిగిలిన దాన్ని పెదనాన్న తెడ్డుతో గీకి చూశాడు. నెమ్మదిగానే అన్నాడు.

"కళ్లు ఆననప్పుడు ఒగ్గీయాలమ్మా. నీకూ వయసైపోనాది. రేపట్నుంచి పెనం కాడ వేరే మనిసిని పెడతాను. నువ్వు అరుగు మీద కూకో."

పెదనాన్న చెడ్డవాడు కాదు. మరిగే పాకం పక్కన తల్లి పడిపోతుందేమోనన్న భయం అతని గొంతులో ఉంది. నాయనమ్మ ఇంటికి వచ్చేసింది. ఆ పూటా మర్నాడూ అరుగు మీదే కూర్చుంది. గానుగ వైపు నుంచి పొగ లేస్తుంటే మొహం అటు తిప్పకుండా కూర్చుంది. జోడు మాత్రం తియ్యలేదు. నాకు ఆవిడ పక్కన కూర్చోవాలంటే భయం వేసింది. ఏడుస్తుందేమో, నేనేం చెయ్యాలో అని.

మూడో రోజు పొద్దున్నే నన్ను పిలిచింది. తెల్ల పింగాణీ పళ్లెంలో గుప్పెడు నల్ల నువ్వులు పోసి నా చేతికిచ్చింది. తన మొహం దగ్గర పట్టుకోమంది. తరవాత ఒక్కో అడుగు వెనక్కి వెయ్యమంది. అదేదో ఆట అనుకుని నేను నవ్వుతూ వెనక్కి నడిచాను. ఆవిడ నవ్వలేదు. ముక్కుకు జానెడు దూరంలో గింజలు లెక్కపెట్టగలిగింది. నేను ఒక్క అడుగు వెనక్కి వేసేసరికి తల పైకెత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. కింది ముక్కలోంచి లేవు, పై అద్దంలోంచీ లేవు. ఇంకా వెనక్కి, వాకిలి దాటి వీధిలోకి వెళ్లాక, నా గౌను మీది పువ్వులు తెలుస్తున్నాయంది. నన్ను మళ్లీ దగ్గరకు రమ్మంది. అలా ఎన్నిసార్లు తిప్పిందో. చివరికి పళ్లెం నా చేతుల్లోంచి తీసుకుని, తనలో తాను కాకుండా నాతోనే, పెద్దమనిషితో చెప్పినట్టు చెప్పింది.

"సూడే గుంటా. ముక్కు కాడొక కిటికీ ఎట్టేడు డాట్రు. ఈది సివర ఇంకో కిటికీ ఎట్టేడు. మద్దిన గోడ కట్టీసేడు. నా పెనం ఆ గోడెనకాల ఉండిపోనాది."

ఆ మధ్యాహ్నం పని ఆగిన వేళ చూసి నన్ను గానుగ దగ్గరకు తీసుకెళ్లింది. పెనం పక్కన తను ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. ఒక పురికొస కొసను తన ముక్కు దగ్గర పట్టుకుని, రెండో కొస నన్ను పెనం మధ్య దాకా లాగమంది. నేను లాగినచోట ముడి వేసింది. పెదనాన్న దూరం నుంచి చూసి ఇదేం చాదస్తమని తల పట్టుకున్నాడు. డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లాలంటే తను రానన్నాడు. ఇచ్చిన అద్దం బాగోలేదని పెద్ద చదువులు చదివినవాడికి చెబితే నవ్విపోతాడన్నాడు.

"నవ్వితే నవ్వనీ. నవ్వులు నాకు కొత్తేటి?" అంది నాయనమ్మ. అక్షరాలు వచ్చిన తోడు కావాలని నన్ను వెంటబెట్టుకుని నర్సీపట్నం బస్సెక్కింది. దారి పొడవునా నువ్వుల మూట, పళ్లెం, పురికొస నా ఒళ్లోనే ఉన్నాయి. ఎవరైనా ఇవేమిటని అడుగుతారేమోనని నేను సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరుగారు వయసులో మా పెదనాన్నంత ఉంటారు. మర్యాదస్తులే. జోడు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పవర్ సరిగ్గానే ఉందన్నారు. కింది ముక్క పుస్తకం చదివే దూరానికి ఇస్తామని, అందరికీ అలాగే ఇస్తామని చెప్పారు.

"నాకు సదువు రాదు బాబూ. ఆ దూరం నాకేటికి?"

ఆయన నవ్వారు. "వయసు మీద పడ్డాక కొంచెం సర్దుకుపోవాలి మామ్మగారూ" అన్నారు. బయట ఇంకా చాలామంది ఉన్నారు. కాంపౌండరు వచ్చి తలుపు తెరిచి పట్టుకున్నాడు, ఇక వెళ్లమన్నట్టు. నేను నాయనమ్మ చీర కొంగు పట్టుకుని లాగాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ లాగినందుకు నాకు సిగ్గేస్తుంది.

ఆవిడ కదల్లేదు. గొంతు పెంచలేదు కూడా.

"నాను వయసు సంగతి అడగనేదు బాబూ, పెనం సంగతి అడిగేను. మీరు నా కన్ను కొలిసేరు. నా పని కొలవనేదు."

డాక్టరుగారి మొహంలో నవ్వు పోయింది. కోపం వచ్చిందనుకున్నాను. ఆయన కాంపౌండరు వైపు చూసి తలుపు వెయ్యమన్నారు. "ఏ పెనం?" అని అడిగారు.

నాయనమ్మ నా చేతిలోంచి పురికొస తీసి బల్ల మీద పెట్టింది. ఆ తరవాత జరిగింది నాకు బొమ్మ కట్టినట్టు గుర్తుంది. డాక్టరుగారే స్వయంగా ఒక కొస ఆవిడ ముక్కు దగ్గర పట్టుకున్నారు. ముడి ఉన్నచోట నేను నువ్వుల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మొహానికి బరువైన గుండ్రటి ఫ్రేము తగిలించి, పెట్టెలోంచి ఒక్కొక్క అద్దం తీసి అందులో వేస్తూ, ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అడుగుతూ వచ్చారు. నా చేతులు నొప్పెట్టాయి. ఒక అద్దం దగ్గర నాయనమ్మ గట్టిగా ఊపిరి పీల్చింది. "ఈ గింజ మీద సార ఉంది" అంది. నువ్వు గింజ మీద చార ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

డాక్టరుగారు ఒక మాట ఖచ్చితంగా చెప్పారు. ఈ దూరం తెచ్చుకుంటే ముక్కు దగ్గరి దూరం పోతుంది, ఈ రకం అద్దంలో రెండు దూరాలకు మించి పట్టవు, సూదీ బియ్యం కనపడవు అని. నాయనమ్మ నా వైపు చూసి, అవి చూడ్డానికి ఇంట్లో కళ్లున్నాయంది. మెట్లు దిగేటప్పుడు కళ్లు మాత్రమే దించకుండా గెడ్డం గుండెకు ఆనించి పై అద్దంలోంచి చూడమని కూడా ఆయన చెప్పారు. అక్కడే గుమ్మం ముందున్న రెండు మెట్ల మీద దింపి ఎక్కించి చూపించారు. ఆ ఒక్క మాట మొదటిసారే చెప్పి ఉంటే ఆవిడ మోకాలు పగిలేది కాదు. నాయనమ్మ ఆ సంగతి కూడా ఆయనకు చెప్పకుండా వదల్లేదు.

కొత్త అద్దాలు వచ్చాక ఆవిడ సరాసరి గానుగ దగ్గరకు వెళ్లింది. పెదనాన్న పెట్టిన మనిషి తెడ్డు ఇవ్వడానికి తటపటాయించి పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న నాయనమ్మ వైపు చూశాడు. "ఒక్క పెనం" అన్నాడు. ఆవిరికి అద్దాలు మసకేశాయి. ఆవిడ కొంగుతో తుడుచుకుని, ఆవిరి మొహాన కొట్టకుండా గాలి వచ్చే వైపుకు జరిగి నిలబడింది. మళ్లీ తుడుచుకుంది. మడ్డి పోయింది, బుడగలు పెద్దవయ్యాయి. పెదనాన్న పెట్టిన మనిషి "దించీయాల" అన్నాడు. నాయనమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. పెదనాన్న పెదవి కొరుక్కుంటున్నాడు. గెడ్డం కొంచెం ఎత్తి, కింది ముక్కలోంచి పెనం నడిమధ్యకు చూస్తూ ఆవిడ ఎంతసేపు నిలబడిందో, ఉన్నట్టుండి "దించండి, బేగి!" అని అరిచింది.

ఆ బెల్లం బంగారు రంగులో గడ్డకట్టింది. పెదనాన్న ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, ఇంకో ముక్క తల్లి చేతికిచ్చి, మంట గుంటలోకి దిగిపోయాడు. ఆ తరవాత తొమ్మిదేళ్లు చెరుకు కాలం వచ్చిన ప్రతిసారీ ఆవిడే పాకం చూసింది. తొమ్మిదేళ్లూ ఆవిడ సూదిలో దారం నేనే ఎక్కించాను.

ఇప్పుడు నాకు అరవై నాలుగు. నర్సీపట్నంలో కుట్టు మిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. పోయిన నెల గీత కనపడని కొత్తరకం అద్దాలు తీసుకున్నాను. పైన దూరం, మధ్యలో చేతికందే దూరం, కింద దగ్గర, అన్నీ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి. మా నాయనమ్మ కాలంలో దొరకని మధ్య దూరం ఇప్పుడు అద్దంలోనే వస్తోంది. కాని అంచుల్లోంచి చూస్తే గోడలు ఊగుతాయి, దేన్ని చూడాలంటే ముక్కు దాని వైపే తిప్పాలి. వారం పది రోజుల్లో అలవాటైపోతుందన్నారు. తల తిప్పడం అలవాటైంది. మిషన్ సూది మాత్రం తల వెనక్కి వాలిస్తేగాని కనపడలేదు. మెడ పట్టేసింది. ఈ వయసులో ఇంకా కుట్టడం దేనికమ్మా, మానేసి విశ్రాంతి తీసుకో అని మా అమ్మాయి ప్రేమగానే చెప్పింది.

నేను అద్దాల షాపుకు వెళ్లాను. అక్కడ కళ్లు పరీక్ష చేసే పిల్ల మంచిదే. "మీ ఏజ్‌కి కొంచెం టైం పడుతుంది ఆంటీ" అంది. నా మిషన్ ఎంత ఎత్తుంటుందో, సూదికీ నా కంటికీ ఎంత దూరమో, కొలతకు వచ్చినవాళ్లు గుమ్మంలో ఎక్కడ నిలబడతారో చెప్పాను. వయసు సంగతి మళ్లీ ఎత్తింది. "అది నాకు తెలుసమ్మా. జోడు పెట్టుకుని కూర్చుంటాను, నా కంటి నల్లగుడ్డు అద్దంలో ఎక్కడికొస్తోందో చూడు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వెనక ఇద్దరు ముగ్గురు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ అనుకున్నాను. ఆ పిల్ల పెన్ను తీసి గుర్తు పెట్టి చూసింది, మొదట పెట్టిన గుర్తు కిందికి జారిందని ఒప్పుకుంది, అద్దాలు మళ్లీ చేయించి ఇస్తానంది.

మళ్లీ చేసిన అద్దాలు వచ్చి పది రోజులైంది. మెడ నొప్పి లేదు. ఇదంతా ఎందుకు రాశానంటే, కళ్లు తగ్గుతున్నాయని చెప్పగానే అవతలివాళ్లు మనల్ని అరుగు మీదకు పంపడానికి సిద్ధంగా ఉంటారు, అదీ ప్రేమతోనే. వాళ్లకు నేను ఎదురు చెప్పగలగడం, చెప్పి అక్కడే కూర్చోగలగడం, పదేళ్ల వయసులో ఒకావిడ కొంగు పట్టుకుని లాగుతూ నేర్చుకున్నాను.