ఆదివారం కరెంటు

రాజధాని లిలాంగ్వేకు పోయే బస్సులు ఆగే చోట, మూడు మొక్కజొన్న పిండిమరలకు ఎదురుగా ఉండేది డైటన్ కఫూకా రిపేరు కొట్టు. ఊరంతా అతన్ని పిరికి మేస్త్రీ అనేది. అనదా మరి! ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసినవాడు, ఊడదీసిన తీగను కూడా ముందు చేతి వెనకవైపుతో తాకి చూసేవాడు. అరచేత్తో పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోయి తీగ వదలదు. అతనికి పని నేర్పిన గురువు అతని కళ్ళ ముందే అలా పోయాడు.

"తీగల మీద బతికేవాడివి, తీగంటే ఇంత భయమేంటయ్యా?" అని భార్య మెలిఫా ఆటపట్టించేది.

"భయపడుతున్నా కాబట్టే బతికున్నానే," అనేవాడు.

అలాంటి మనిషికి ఒక్కదాని మీద మాత్రం గుడ్డి నమ్మకం: తన మీటరు. సామానుకు కంపెనీవాళ్ళు కొట్టిన రేకు మీది వోల్టుల అంకెలు అతనికి లెక్కే కాదు.

ఆ శనివారం ఉదయం ఆసుపత్రి నర్సు తమందానీ కబురు పెట్టింది. నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల, కిలోంబావు కూడా లేదు. తల్లి జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. రాత్రిళ్ళు అమ్మమ్మ ఎనెలేసి బిడ్డను రొమ్ముకు కట్టుకునేది. పగలు తల్లికి జావ కాయాలి, గుడ్డలు ఉతకాలి. అప్పుడు బిడ్డ చెక్కపెట్టెలో ఉండాలి. పెట్టె అడుగున కరెంటు తీగచుట్ట ఉంది. వేడి చూసే గాజుగొట్టం ఎప్పుడో పగిలింది.

"మేస్త్రీగారూ, ఈ పెట్టె వెచ్చబడి చావట్లేదు. బిడ్డ పాదాలు చల్లబడుతున్నాయి," అంది తమందానీ.

డైటన్ మీటరు పెట్టాడు. రెండువందల ముప్పై వోల్టులు రావలసిన చోట నూటఅరవై. చుట్టలో పారుతున్నది అర ఆంపియరు కూడా కాదు, సున్నా పాయింటు నాలుగు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే చుట్ట నిరోధం నాలుగువందల ఓములు. రెంటినీ గుణిస్తే వేడి అరవైనాలుగు వాట్లు. ఏ మూలకు సరిపోతుంది!

చుట్టను సరిగ్గా సగానికి కత్తిరించాడు. నిరోధం రెండువందలైంది, కరెంటు సున్నా పాయింటు ఎనిమిదికి పెరిగింది, వేడి నూటఇరవైఎనిమిది వాట్లు. లోపల చెయ్యి పెట్టి చూస్తే కోడి పొదిగిన గూడంత హాయిగా ఉంది.

"అవ్వా, వేడి పోతుంది. పాలు పట్టడానికి నర్సమ్మ తీస్తే తప్ప ఈ మూత ఎవరు చెప్పినా తీయకు," అన్నాడు గట్టిగా.

"అలాగే నాయనా," అంది ఎనెలేసి.

చీకటి పడగానే కరెంటు పోవడం, పొద్దున ఎనిమిదికి రావడం ఆ ఊళ్ళో మామూలే. ఆదివారం కూడా ఎనిమిదికే వచ్చింది. తొమ్మిదికి డైటన్ చర్చిలో, పాటల బృందం వెనక వరసలో నిలబడి ఉన్నాడు. పాదిరి కళ్ళు మూసుకోమన్నాడు. అందరూ మూసుకున్నారు. చర్చి అంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం అతని గుండెల్లో గుచ్చుకుంది. మరల చప్పుడేదీ?

ఆదివారం మరలు తిరగవు. పసిపిల్లలకైనా తెలుసు. కళ్ళు తెరిచి చూశాడు. వారమంతా పచ్చగా నీరసంగా వెలిగే బల్బు ఇవాళ తెల్లగా మండుతోంది. ఓరి దేవుడా! ఊరి కరెంటును పీల్చేసేది ఆ మరలే. ఆదివారం పని పాపమని అతను మీటరు ముట్టి ఎరుగడు, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా.

రెండువందల నలభై వోల్టులు ఉంటే? రెండువందల ఓములతో భాగించు: ఒకటి పాయింటు రెండు. గుణించు: రెండువందల ఎనభైఎనిమిది. నిన్నటి వేడికి రెండింతల పైమాట. ఎనిమిదినుంచి గంట సేపు! ఆ మూత తీయవద్దన్నది ఎవరు?

"ఎక్కడికయ్యా, ప్రార్థన మధ్యలో?" అని మెలిఫా పిలుస్తూనే ఉంది. అతను పరుగెత్తాడు. జోడు ఒకటి ఊడిపోయింది. నేనే చంపాను, నేనే చంపాను అనుకుంటూ పరుగెత్తాడు.

ఆసుపత్రి వెనక వంటపాకలో పొయ్యి మీద జావ పొంగి నిప్పుల్లో పడుతోంది. అవ్వ లేదు. లోపల పెట్టె మూత వేసే ఉంది, చెక్క మాడిన వాసన. ప్లగ్గు పీకి మూత ఎత్తాడు. వేడి మొహానికి కొట్టింది. పక్కగుడ్డ గోధుమరంగుకు తిరిగింది. బిడ్డ లేదు.

తీసుకెళ్ళిపోయారు, పాతిపెట్టడానికి తీసుకెళ్ళిపోయారు. అక్కడే చతికిలబడ్డాడు.

"అలా కూలబడ్డావేం నాయనా?"

గుమ్మంలో ఎనెలేసి. రొమ్ము మీద చీటీగుడ్డ బిగించి కట్టి ఉంది.

"బిడ్డ... బిడ్డేది అవ్వా?"

"ఇదిగో. జావ కలుపుతుంటే ఏడుపు వినిపించింది. అది ఆకలి ఏడుపు కాదు. వచ్చి చూద్దును కదా, మొహం మిరపపండులా ఉంది. నీ మాట వినలేదు, మూత తీసి దీన్ని ఎత్తుకున్నాను, వేడి పోకుండా మళ్ళీ మూసేశాను. కోపమొచ్చిందా?"

డైటన్ లేచి, చేతిని తిప్పి, వెనకవైపుతో బిడ్డ చెంపను తాకాడు. బిడ్డ మొహం తిప్పి అతని వేలి కణుపును నోటితో వెతుక్కుంది.

"అమ్మా, నా తల్లీ," అంటూ పెద్దగా ఏడ్చేశాడు.

"బాగు చేస్తావుగా? రేపు మళ్ళీ పడుకోబెట్టాలి," అంది అవ్వ.

"చేస్తాను. కరెంటు హెచ్చినప్పుడు వేడి తగ్గేలా, మీట తిప్పితే కలిసే ఇంకో చుట్ట పెట్టి, ఈ ఆదివారం కరెంటు మీదే చూస్తాను," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "కానీ అవ్వా, నువ్వు మాత్రం నా మాట నమ్మకు. మూత తీసి చూస్తూనే ఉండు."