సంచిగుడ్డతో కుట్టిన పక్క

మా బావకు భయమంటే ఏమిటో తెలియదని కరెంటు ఫ్యాక్టరీలో అందరూ అనేవారు. అక్కడ బొగ్గు కాలిన పొగ చిమ్నీకి చేరేముందు ఒక గదిలోంచి పోతుంది. గది నిండా పొడవాటి గుడ్డ సంచులు వేలాడుతుంటాయి. పొగ వాటిలోంచి దూరి పోతుంది, మసి గుడ్డకు పట్టుకుంటుంది. చిరిగిన సంచులు విప్పి కొత్తవి తగిలించడం బావ పని. మాస్కు సర్దుకుంటూ, మా అత్తగారి వంటింటికన్నా ఈ గదే నయమని తోటివాళ్లను నవ్వించి మరీ లోపలికి వెళ్లేవాడు.

పాత సంచుల్ని దూరంగా పూడ్చిపెట్టాలని నియమం. పూడిస్తే ఖర్చు, అందుకే ఎవరైనా ఇంటికి పట్టుకుపోతుంటే సూపర్‌వైజరు గోడవైపు చూసేవాడు. దళసరి గుడ్డ, వేడికి ఓర్చుకుంటుంది. పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? మా అక్క వేడి గిన్నెలు దించేది ఆ గుడ్డతోనే. పాప పుట్టాక రెండు సంచులు ఉతికి ఆరేసి, కలిపి కుట్టి, ఉయ్యాలలో పక్కగా వేసింది.

ఉద్యోగం సద్యోగం లేక లైబ్రరీలో పడి ఉండే నేను, బొగ్గులో పాదరసం ఉంటుందని అక్కడే చదివాను. కాలితే అది ఆవిరై పొగలో కలుస్తుంది. దాన్ని పట్టడానికి పొగలోకి నల్లటి కార్బన్ పొడి ఊదుతారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర బావను ఉడికిద్దామని అడిగాను, పాదరసం అంటుకున్న ఆ పొడి చివరికి ఎక్కడికి పోతుందని.

"ఎక్కడికి పోతుందిరా, సంచికి పట్టుకుంటుంది" అన్నాడు.

అన్నవాడు ముద్ద నమలడం ఆపేశాడు. మెల్లగా ఉయ్యాల వైపు తిరిగాడు. పాప పక్క అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"మూడుసార్లు ఉతికానండీ" అంది అక్క. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

పాపను నా ఒళ్లో పడేసి, ఆ పక్క లాక్కుని పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. బావ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కాల్చకే. కాలిస్తే మళ్లీ గాల్లోకే వస్తుంది."

పూడ్చాలన్నా, కాల్చాలన్నా, దాచాలన్నా భయమే. చివరికి ప్లాస్టిక్‌లో చుట్టి గోడ అవతల పెట్టి, సబ్బు అరిగిపోయేదాకా చేతులు కడుక్కున్నాడు.

ఆసుపత్రిలో పరీక్ష చేసి, పాప రక్తంలో పాదరసం ఉందన్నారు. ఇకమీదట దూరంగా ఉంచితే మెల్లగా తగ్గుతుందట. ఇప్పటికే నరాలను ఏం చేసిందో మాత్రం బిడ్డ పెరిగితేగానీ తెలియదట. షిఫ్టులో బావ ఈ సంగతి చెబితే, బావమరిది మాటలకు జడిశావని కొందరు ఎగతాళి చేశారు. అయినా ఆ సాయంత్రం ఒక్కరి చంకలోనూ సంచుల మూట లేదు.

ఇప్పుడు పాప నడక నేర్చుకుంటోంది. గోడ పట్టుకుని లేస్తుంది, రెండడుగులు వేసి చతికిలబడుతుంది, తనే కిలకిలా నవ్వుతుంది. అక్క నవ్వబోయి బావ మొహం చూసి ఆగిపోతుంది. ఆయన కళ్లు పాప కాళ్లమీదే ఉంటాయి. నిన్న కూడా అలాగే పడింది.

"ఒరేయ్, ఇంత చదివావు కదా. పిల్లలంతా ఇలాగే పడతారా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"పడతారు బావా" అన్నాను. నాకు తెలిసి చెప్పింది కాదు.