మచ్చలన్నీ తీసేయమన్నాను

నేను పుట్టకముందే పోయిన మా నాయనమ్మకు ఉన్నది ఒకే ఒక్క ఫొటో. గొర్రెల మంద ముందు నిలబడి దిగింది. మూడేళ్ల కిందట ఇంటికి రంగులు వేయిస్తూ, చెమ్మకు మచ్చలు పడ్డ ఆ పటాన్ని కల్వకుర్తిలో ఒక స్టూడియోకు పట్టుకెళ్లాను.

"అద్దానికి అతుక్కున్నది, అట్లనే స్కాన్ చేస్త. మొఖం మీది మచ్చలు గూడ తీయాల్నా అక్కా?" అన్నాడు స్టూడియో అతను.

"అన్నీ తీసెయ్యన్నా, సాఫ్‌గుండాలె" అన్నాను.

కొత్త ఫొటో చూసి మురిసిపోయాను. నాకసలే తొందరెక్కువ. పాత పటాన్ని అద్దంతో సహా చెత్తబండిలో వేసేశాను.

బాపు కొత్త ఫొటోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"గీమె ఎవలు బిడ్డా?"

"నిన్ను గన్న అవ్వనే బాపూ!"

"మా అవ్వకు చెంప మీద పచ్చబొట్టుండె గదా."

స్టూడియోకు పరుగెత్తాను.

"అదిగూడ మచ్చనే అనుకున్న అక్కా. ముందు స్కాన్ చేసింది ఉంచలే. పాత ఫొటో తెస్తే మళ్ల చేస్త" అన్నాడు.

ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే బాపు పెన్ను ఇమ్మన్నాడు. దాన్ని ఫొటోలో కుడి చెంప దగ్గర పెట్టాడు, ఎడమ చెంప దగ్గరికి తెచ్చాడు, ఆగిపోయాడు.

"ఏ చెంపకుండెనో యాదికొస్తలేదు బిడ్డా" అంటూ పెన్ను తిరిగి నా చేతిలో పెట్టాడు.

బాపు కూడా పోయి ఏడాది దాటింది. గోడ మీద నాయనమ్మ మొహం నేను కోరినట్టే సాఫ్‌గా ఉంది. దుమ్ము దులుపుదామని గుడ్డ పట్టుకున్నప్పుడల్లా, ఆ చెంపల దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది.