నేను వాదించి వదిలించుకున్న స్మాల్ బ్లైండ్

ఆ రోజుల్లో నాకు జరిగిన అన్యాయాలను గుర్తుపెట్టుకోవడానికి డైరీ అవసరం ఉండేది కాదు. ఎవరు, ఏ పూట, ఏ రంగు చున్నీ వేసుకుని నన్ను ఏ మాట అన్నారో ఇప్పటికీ చెప్పగలను. (మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. అన్నది మొన్న దసరా నాడు, కార్లో, మా ఎగ్జిట్ దాటిపోయాక.) కాబట్టి అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఉంటూ ఎమ్మెస్ చదివేటప్పుడు ఒక గది నా చేతిలోంచి ఎలా జారిపోయిందో చెబుతుంటే, అందులో ఒక్క అక్షరమైనా కల్పించానని అనుకోకండి.

మేం ఐదుగురం ఆడపిల్లలం, రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. ఒక గది లీజు మీద సంతకం పెట్టిన సీనియర్ అక్కది. రెండో గదిలో ఇంకొకావిడ ఉండేది కనుక మిగతా ముగ్గురం హాల్లో పరుపులు వేసుకునేవాళ్ళం. నాది ఫ్రిజ్ పక్కన. చీటీల్లో అలా వచ్చింది. ఆ చీటీలు మడిచింది ఎవరో కూడా నాకు గుర్తుంది. ఇంతలో ఆ ఇంకొకావిడ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది, గది ఖాళీ అయింది. నిజానికి నాకు కావలసింది గది కాదు, తలుపు. ఇంటర్న్‌షిప్ కోసం అంతకుముందు ఒక ఫోన్ ఇంటర్వ్యూ బాత్రూంలో టబ్ అంచు మీద కూర్చుని ఇచ్చాను. రోజుకు పద్నాలుగు గంటలు పడుకునే మా రూమ్మేట్ (నిద్రాదేవి అనేవాళ్ళం) సరిగ్గా అప్పుడే లేచి, "ఎవరే లోపల? అర్జెంటే బాబూ!" అని తలుపు బాదింది. అవతలి మేనేజర్ ఎంతో మర్యాదగా వీడ్కోలు చెప్పాడు, మళ్ళీ ఫోన్ చేయలేదు. వచ్చే సోమవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది.

"ఈసారి చీటీలేస్తే నేనొప్పుకోను" అని శనివారం పొద్దున్నే చెప్పేశాను.

"ఏందే పొద్దుగాల్నే నీ లొల్లి!" అంది అక్క. ఆవిడది కరీంనగర్; కాలేజీ క్లబ్‌లో పోకర్ నేర్చుకుని మాకూ నేర్పింది. "సరే, టోర్నమెంట్ పెడ్త. మీ ముగ్గురికి సమానంగ రాజ్మా గింజలిస్త. ఎవ్వరివి ఆఖరుదాక ఉంటే గది వాళ్ళది. మల్ల నన్ను అనొద్దు."

పోకర్‌లో ప్రతి ఆటకూ ముందు, ముక్కలు చూడకుండానే, ఇద్దరు గింజలు పెట్టి తీరాలి. డీలర్ (ముక్కలు పంచేది అక్కే అయినా, ఆ పేరు మా ముగ్గురి మధ్య వంతులవారీగా తిరిగేది) పక్కనున్న మనిషి సగం పెట్టాలి, అది స్మాల్ బ్లైండ్. ఆ తరవాతి మనిషి పూర్తిగా పెట్టాలి, అది బిగ్ బ్లైండ్. విస్తరి ముందు కూర్చోకుండానే చదివింపులు రాయించుకోవడం లాంటిదన్నమాట. పైగా ముగ్గురు ఆడుతుంటే, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఉండే ముక్కలు తిప్పాక, పందెం ఎంతో చెప్పడానికి స్మాల్ బ్లైండ్ పెట్టిన మనిషే ముందు నోరు విప్పాలి. (ఈ రెండోది నాకెప్పుడూ కష్టమనిపించలేదు. ముందు మాట్లాడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.) నా బాధంతా ఆ సగం గురించే. చెత్త ముక్కలొచ్చినా, సగం పెట్టేశాను కదా, అది ఎవరికో ఎందుకు పోవాలని మిగతా సగం కూడా పెట్టేదాన్ని.

"మధ్యల పడ్డంక అది నీది కాదే, ఇడిసిపెట్టు" అని ముక్కలు పంచుతూ అక్క మొత్తుకునేది. నేను వదిలే రకాన్నా?

ఒంటిగంటకల్లా నిద్రాదేవి గింజలన్నీ పోగొట్టుకుని సోఫా మీద వాలిపోయింది. నేనూ, స్టాటిస్టిక్స్ చదివే లెక్కల పిల్లా మిగిలాం. వైజాగ్ అమ్మాయి, మాట తక్కువ. నా దగ్గర గింజలు కాస్త ఎక్కువే ఉన్నాయి. ఆ తలుపు నాదేనన్న ధైర్యం కూడా వచ్చింది. అప్పుడు అక్క, "స్మాల్ బ్లైండ్ నువ్వు పెట్టు" అంది నాతో.

"మళ్ళీ నేనా?" అని నోట్‌బుక్ తీశాను. పొద్దుట్నించీ ఎవరికి స్మాల్ బ్లైండ్ ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకుంటున్నాను. నాకు తొమ్మిది, తనకు ఏడు. మధ్యలో అక్క టీ పెట్టి వచ్చి, వంతు మరిచిపోయి, నాకే వరసగా రెండుసార్లు వేసింది. "ఇందాక నోరు మూసుకున్నాను. ఇక కుదరదు. ఇక్కణ్ణించి ఆట అయ్యేదాకా స్మాల్ బ్లైండ్ తనే పెట్టాలి."

"అరె, ఇద్దరే ఉన్నప్పుడు లెక్క వేరుంటదే, ఇను..."

"వినను. ఫ్రిజ్ పక్కన పడుకున్నప్పుడూ విన్నాను."

అరగంట వాదించాను. టీ చల్లారింది. చివరికి లెక్కల పిల్ల, "ఓకే అక్కా, నేనే పెడతాలే. తన ఫీలింగ్స్ ఎందుకు హర్ట్ చెయ్యడం" అంది తల వంచుకుని. న్యాయం గెలిచిందని నేను రెండు బిస్కెట్లు తిన్నాను. ఆ తరవాత ఆట నాకెంతో సుఖంగా సాగింది. సగం పెట్టే పీడ లేదు, ముక్కలు తిప్పిన ప్రతిసారీ అక్క ముందు నన్నే అడిగేది, మొదటి మాటా నాదే. నేను ఏదో ఒకటి అనేదాన్ని. ఆ పిల్ల చెంపకు చెయ్యి ఆనించి, నా మొహం కాసేపు చదువుకుని, అప్పుడు తన సంగతి చెప్పేది. నలభై నిమిషాల్లో నా ముందు ఒక్క గింజ మిగల్లేదు.

"సోమవారం నా రూమ్‌లో కూర్చుని మాట్లాడుకోవే. నేను బయట కాపలా ఉంటా" అంది. జాలి చూపించింది. అదీ గుర్తుపెట్టుకున్నాను.

సోమవారం తలుపు వేసుకుని కూర్చున్నాను. స్పీకర్లో పెట్టిన ఫోన్లో పెద్దాయన గొంతు, తెలుగాయనే. అవీ ఇవీ అడిగి, "ఒక నిర్ణయానికి అడ్డం తిరిగి, పోరాడి, దాన్ని మార్పించిన సందర్భం చెప్పండి" అన్నాడు. ఇంకేం కావాలి? గీతలతో సహా మొత్తం చెప్పాను. ఆయనా పోకర్ ఆడేవాడేనట.

"అమ్మా, ఇద్దరే మిగిలినప్పుడు స్మాల్ బ్లైండ్ పెట్టేవాళ్ళే డీలర్. ముక్కలు తిప్పాక ప్రతిసారీ చివర మాట్లాడేది వాళ్ళే. మీరేం చేశారో చూశాకే వాళ్ళు తేల్చుకుంటారు. ఆటలో అంతకన్నా మంచి చోటు లేదు. మీరు అరగంట పోరాడి దాన్ని ఆవిడకు అప్పగించారు."

తలుపు బయట ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఇంకో పెద్ద నవ్వు, అది అక్కది. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "తెలిసీ చెప్పలేదా?" అని అరిచాను.

"చెప్పనిచ్చినవా తల్లీ!"

పెద్దాయన కూడా నవ్వుతున్నాడు. "మీరెప్పుడూ ఇంతేనా? పట్టుకుంటే వదలరా?" అన్నాడు. వదలనన్నాను. "మాది టెస్టింగ్ టీమ్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో తప్పు పట్టుకుని, వాళ్ళు దిద్దేదాకా వెంటపడే మనిషి కావాలి" అన్నాడు. తప్పులెన్నినందుకు జీతమిచ్చే కొలువు ఈ లోకంలో ఒకటుందని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. (ఇదీ అన్యాయమే.) ఆ వేసవిలో చేరాను, ఇప్పటికీ అదే పని.

లెక్కల పిల్ల ఇప్పుడు ఫ్రిస్కోలో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటుంది. ఆటకు పిలుస్తుంది. ఇద్దరమే మిగిలామంటే, "స్మాల్ బ్లైండ్ నీకా, నాకా?" అని పిల్లల ముందే ఎంతో వినయంగా అడుగుతుంది. నేనింకా క్షమించలేదు. కానీ నోట్‌బుక్ పట్టుకుని, చల్లారిన టీ ముందు నిలబడి, న్యాయం కోసం గొంతు చించుకుంటున్న ఆ ఫ్రిజ్ పక్క పిల్ల అప్పుడప్పుడూ నా కళ్ళ ముందు మెదులుతుంది. ఒసే పిచ్చిదానా, ఆ చోటు వదులుకోకే అని చెబుదామనిపిస్తుంది. చెబితే వినదు. అరగంట వాదిస్తుంది. చివరికి నేనే సరేనంటాను.